దొరసాని బల్ల మీది తులసి

నిన్న ఉదయం మా నాన్న నన్ను తులసి దళాలు తెమ్మని స్టేషను వీధి మలుపులో ఉన్న దొరసాని ఇంటికి పంపారు. మహాలయ పక్షాలు నడుస్తున్నాయి. పెద్దలకి నీళ్ళు వదలాలంటే తులసి కావాలి. మా ఇంటి తులసి ఈ చలికాలపు వానల్లో కుళ్ళిపోయింది. ఈ దీవిలో ఎత్తు మీదున్న మా వకోవాలో తులసి చలికాలం దాటడం కష్టం. ఆకులు నల్లబడతాయి, కాండం మెత్తబడుతుంది, ఒక పొద్దున లేచి చూస్తే కోట ఖాళీగా ఉంటుంది. దొరసాని ఇంటి కంచె వెంట మాత్రం నడుమెత్తున వరసగా నిలబడి ఉన్నాయి. ఆ వరస చూడగానే ఎవరో మట్టి వేళ్ళతో నా గడ్డం పట్టుకుని తల పైకెత్తినట్టయింది. మా వీధిలో ఉండే అత్త అలాగే చేసేది. నేను ఎప్పుడూ నేల చూపులు చూస్తానని ఆవిడకి కోపం.

ఆవిడ ఈ చలికాలంలోనే పోయింది. కబురు పాలవాడు తెచ్చాడు. మా అమ్మ పాలు పోయించుకుంటూ "అయ్యో" అంది. గిన్నె మీద మూత పెట్టి, "ఆ డబ్బాలన్నీ ఎవరు తీసుకుంటారో" అంది. అమ్మని తప్పు పట్టలేను. మా వీధిలో ఆవిడ పేరు చెబితే ఎవరికైనా ముందు తట్టేది డబ్బాలే.

పేరు చెబితే అన్నాను గాని, ఆవిడని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఎదురుగా అందరూ అత్త అనేవారు. చాటున డబ్బాలావిడ అనేవారు. కిరసనాయిలు డబ్బాలు, సార్డీన్ చేపల డబ్బాలు, బిస్కెట్ల డబ్బాలు, ఏది దొరికినా అడుగున మేకుతో కన్నాలు పొడిచి మట్టి నింపి ఒక విత్తనమో కొమ్మో గుచ్చేది. ఆవిడ పెరట్లో మనిషి కాలు పెట్టే చోటు ఉండేది కాదు. చలికాలం వస్తే తులసి డబ్బాలన్నీ వంటింటి గోడకి ఆనించి, పొయ్యి వేడి తగిలేలా పేర్చేది. ఎవరింటికి వెళ్ళినా కళ్ళు ముందు వాళ్ళ వంటింటి మూలకి పోయేవి. బాగున్నారా అని అడగడానికి ముందే "ఆ డబ్బా కాళీయేనా?" అని అడిగేది.

ఒకసారి మా వీధి చివర ముసలాయన పోతే పలకరింపుకి వెళ్ళాం. అత్త ఆయన భార్య పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని నిజంగానే ఏడ్చింది. ముక్కు తుడుచుకుని లేస్తూ, "ఆ నెయ్యి డబ్బా అయిపోయాక నాకు ఉంచమ్మా" అంది. గదిలో ఆడవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ కథ నువెల్ ఫ్రాన్స్ అనే దూరపు ఊరి దాకా పాకింది. తర్వాత జరిగింది మాత్రం ఎవరూ చెప్పుకోలేదు. అదే డబ్బాలో మల్లె అంటు బతికించి, మొగ్గ తొడిగాక ఆ ఇంటికే పట్టుకెళ్ళి ఇచ్చింది. ఎవరూ నీళ్ళు పోయలేదు. అది ఎండిపోయింది. అత్త వెళ్ళి చూసి, డబ్బా ఒక్కటీ వెనక్కి తెచ్చుకుంది.

దారిలో మా గేటు దగ్గర ఆగి నాతో అంది: "ఊరికే ఇచ్చిన మొక్క ఊరికే పోద్దే. మనిషి దాని కోసం ఏదో ఒకటి ఒదులుకోవాల. అప్పుడే నీళ్ళు పోస్తాది."

నాతో ఎక్కువ మాట్లాడేది. నేను ఎవరికీ తిరిగి చెప్పనని కాబోలు. మధ్యాహ్నం పనులయ్యాక నేను కిటికీ దగ్గర పుస్తకంతో కూర్చుంటే బయటి నుంచి ఊచలు పట్టుకుని నిలబడేది.

"ఏటే సదవతన్నావు?"

"కథలత్తా."

"దాన్లో మొక్కలున్నాయా?"

"లేవు."

"మరి ఎందుకే అంత లావు?"

నేను నవ్వితే ఆవిడ నవ్వేది కాదు. చెవి వెనక ఎప్పుడూ ఒక ఆకు ఉండేది, తులసో కరివేపాకో. దాన్ని తీసి నలిపి నా పుస్తకం మధ్యలో వేసి పోయేది. నా పుస్తకాలు ఇప్పటికీ కొన్ని చోట్ల తాలింపు వాసన వేస్తాయి.

ఇంకో అలవాటు ఉండేది. ప్రతి మొక్కకీ మొదటి మొగ్గ గిల్లేసేది. గోటితో టక్కున తెంపి నేల మీద పారేసేది. నాకు ప్రాణం ఉసూరుమనేది. "మొదటి మొగ్గ పొగరుతో పూస్తాది. అది పోతే గాని వేరు మీద ద్యాసుండదు" అనేది. అలా గిల్లుతూనే ఒక రోజు తన సంగతి చెప్పింది, రేపు వాన వస్తుందేమో అన్నంత మామూలుగా.

"నాకు పిల్లలు నిలబళ్ళేదు. ఇద్దరూ సెరుకు ఎస్టేటు కేంపులోనే జ్వరంలో పోయారు. మీ మావ తరవాత పోయాడు. నేను పోయాక నాకు నీళ్ళొదిలేవోడు లేడు. అందుకని ఒకటనుకున్నానే. మనోళ్ళ లాకూర్లలో నాలుగింట నా మొక్క ఉంటే సాలు. ఆళ్ళు దానికి పోసే నీళ్ళే నాకు అందుతాయి."

లాకూర్ అంటే ఇక్కడి మాటలో ఇంటి ముందూ వెనకా ఉండే ఆవరణ. ఆవిడ కోరిందల్లా ఆ జాగాలో ఒక డబ్బా పట్టేంత చోటు.

మా ఊళ్ళో దొరసానులకి ఒక పూలతోటల సంఘం ఉంది. స్టేషను వీధి పొడవునా నీలం పూల మొక్కలు నాటించింది వాళ్ళే. మా ఆడపిల్లల బడికి వచ్చి విత్తనాల పొట్లాలు పంచి, మట్టిలో వేలు ఎంత లోతు దించాలో చూపించింది కూడా వాళ్ళే. ఏటా సెప్టెంబరులో స్టేషను పక్కన రేకుల షెడ్డులో మొక్కల అమ్మకం పెడతారు. ఇక్కడ వసంతం అప్పుడే. ఇండియా నుంచి ఓడలో వచ్చే పుస్తకాల్లో వసంతం చైత్రంలో వస్తుంది, కోయిల కూస్తుంది. మాకు చైత్రంలో చలిగాలి మొదలవుతుంది. చిగుళ్ళు వేసేది భాద్రపదంలో. భాద్రపదంలో పౌర్ణమి దాటితే మహాలయ పక్షాలు. ఆ పక్షంలో మా వాళ్ళు కొత్త గుడ్డ కొనరు, కొత్త కుండ కొనరు, కొత్త మొక్క ఇంటికి తేరు. ఆ రోజులు చచ్చిపోయినవాళ్ళవి. అలా మా వసంతం ప్రతి ఏడూ వాళ్ళ పాలే అవుతుంది.

ఇది మూడేళ్ళ కిందటి మాట, అప్పటికి నేను బడి మానేసి ఇంట్లో ఉంటున్నాను. సంఘానికి పెద్ద అయిన ఆ మలుపు ఇంటి దొరసాని ఒక సాయంత్రం ఆ దారిన నడిచి వెళ్తూ అత్త పెరటి డబ్బాలు చూసి ఆగింది. నన్ను పిలిపించారు, నాకు ఫ్రెంచి వచ్చు కాబట్టి. ఈసారి అమ్మకంలో ఇండియన్ ఆడవాళ్ళకి ఒక బల్ల ఇస్తానంది. షరతు ఒకటే. బల్ల మీద పెట్టిన మొక్క తిరిగి ఇంటికి పోదు. మిగిలినవి సంఘం సభ్యులు పంచుకుంటారు. అమ్మకం బాగుంటే ఏటా బల్ల ఉంటుంది, లేకపోతే లేదు.

అత్త రెండో మాట లేకుండా ఒప్పుకుంది. నాకు భయం వేసింది. "ఇంటి దగ్గరే అమ్మొచ్చు కదత్తా" అన్నాను.

"నా దగ్గర ఎవరు కొంటారే? నా పెరట్లో ఉన్నంతకాలం అది డబ్బాలో గడ్డి. దొరసాని బల్లెక్కితే అది మొక్క. పెరటి సెట్టు వైద్యానికి పనికిరాదని మనోళ్ళే కదా సెప్పారు. సూడు, ఆ బల్ల మీద పెడితే దానికే దండం పెడతారు."

అమ్మకం మహాలయ పక్షాల్లో పడిందని ఆవిడకి తర్వాత తెలిసింది. ఆ రోజే మా ఇంటికి వచ్చింది. మా నాన్న ఇక్కడి కోవెల అర్చకులు. పెళ్ళికీ చావుకీ మంచీ చెడ్డా చెప్పేది ఆయనే. ఊరంతా ఆయన్ని అయ్యగారూ అంటే, చిన్నప్పటి నుంచి చూసిన చనువుతో ఆవిడ ఒక్కతే తమ్ముడా అనేది. నాన్న అరుగు మీద పంచాంగం ముందు పెట్టుకుని ఉన్నారు. నేను తలుపు వెనక బియ్యం ఏరుతున్నాను.

"మనోళ్ళు కొనుక్కోవచ్చని ఒక్క మాట సెప్పు తమ్ముడా. మిగిలింది నేను సూసుకుంటాను."

"అమావాస్య వెళ్ళనీ అక్కా."

"అమావాస్యకి నా దగ్గర మొక్కలుండవు. బల్ల శనివారమే."

"పక్షాల్లో కొత్తవి కూడదు. అది నేను పెట్టింది కాదు."

"మరి మొన్న సర్దారు మోటారు కొన్నాడు. నువ్వే ఎల్లి కొబ్బరికాయ కొట్టావు. పెద్దలు దానికి అడ్డం రాలేదా?"

సర్దారంటే ఎస్టేటులో కూలీల మీద అజమాయిషీ చేసే మనిషి. కోవెల రేకులు ఆయన వేయించినవే.

"ఆయన ముందే బయానా ఇచ్చి ఉన్నారక్కా. పక్షాలకి ముందు కుదిరిన బేరానికి దోషం లేదు."

"నేను మాఘంలో ఇత్తనం ఏశాను తమ్ముడా. భూమికి అంతకన్నా బయానా ఏటుంటది?"

బియ్యంలో నా చెయ్యి ఆగిపోయింది. నాన్న పంచాంగం పేజీ తిప్పారు, మళ్ళీ వెనక్కి తిప్పారు. అత్త దాని వైపు గడ్డం ఎత్తింది.

"అది ఓడ మీద వచ్చిందేనా?"

"అవును."

"అది రాసినాయనకి వకోవా సలి తెల్సా?"

నాన్న నవ్వబోయి ఆపుకున్నారు. "తిథి అక్కడా ఇక్కడా ఒకటే."

"తిథి ఒకటే. సిగురో?"

నాన్న పంచాంగం మూశారు. అప్పుడు ఆవిడ గొంతు తగ్గింది. ఆవిడ గొంతు తగ్గడం నేను విన్నది ఆ ఒక్కసారే. "సరే. నువ్వేటీ సెప్పొద్దు. కొనొద్దు కూడా. శనివారం అటేపు వచ్చి ఒక్క తులసిని ముట్టుకుని ఎల్లు. నువ్వు ముట్టుకుంటే మిగిలినోళ్ళు కొంటారు."

"చూస్తానక్కా" అన్నారు నాన్న.

మా ఇంట్లో చూస్తానంటే ఏమిటో నాకు తెలుసు. ఆవిడకి తెలియదు. లేచి వెళ్తూ మా వంటింటి మూలకి చూసి, ఖాళీ డబ్బా ఒకటి అడిగి పట్టుకుపోయింది.

శనివారం తుంపర పడుతోంది. దొరసానితో మాట్లాడటానికి నన్ను అత్త పక్కన కూర్చోబెట్టారు. కూర్చోవడం కొనడం కాదు కాబట్టి నాన్న ఒప్పుకున్నారు. షెడ్డు నిండా రోజాలు, బిగోనియాలు, ఫెర్నులు. మా బల్ల చివరన, వాన చూరు పక్కన ఉంది. తులసి, కరివేపాకు, మల్లె. అత్త తెల్లవారకముందే లేచి డబ్బాలన్నీ బూడిదతో తోమింది. అవి వెండి గిన్నెల్లా మెరుస్తున్నాయి. జుట్టుకి నూనె రాసుకుని, చెవి వెనక కొత్త ఆకు పెట్టుకుని నిటారుగా కూర్చుంది. పెళ్ళికూతురి తల్లిలా ఉంది.

దొరసాని వచ్చి ఒక తులసి నెత్తి మీద అరచెయ్యి రాసి వాసన చూసుకుని, "బాజిలిక్" అంది మురిసిపోతూ. బాజిలిక్ అంటే వాళ్ళు చారులో వేసుకునే ఆకు.

"దాని నెత్తి మీద సెయ్యి తియ్యమను" అంది అత్త. "అదేం కుక్కపిల్ల కాదని సెప్పు."

"మీరు రావడం సంతోషంగా ఉందంటోంది" అని నేను ఫ్రెంచిలో చెప్పాను. దొరసాని అత్త భుజం తట్టింది. అత్త నా వైపు అనుమానంగా చూసింది.

మా ఆడవాళ్ళు రాకుండా ఉండలేదు. అందరూ వచ్చారు. దొరసానుల టోపీలు చూశారు, రోజాలు చూశారు, చివరికి మా బల్ల దగ్గర గుమిగూడారు. ఆకులు నిమిరారు. ఒకామె కరివేపాకు రెమ్మ తుంచి కొంగులో కూడా కట్టుకుంది.

"ఎంత ఏపుగా పెరిగాయత్తా."

"అయితే పట్టుకెల్లు."

"ఈ రోజుల్లోనా? మా అత్తగారు గుమ్మం ఎక్కనిస్తుందా? అమావాస్య వెళ్ళాక మీ ఇంటికే వస్తాం."

"నా ఇంట్లో ఉండవే. ఇయాల కొనకపోతే ఇవన్నీ దొరసానులవి."

"అయ్యగారు ఏమన్నారు?"

అత్త రోడ్డు వైపు చూసింది. అప్పటి నుంచి ఆవిడ చూపు అక్కడే ఉంది. పదకొండు గంటల రైలు వెళ్ళాక అవతలి పక్క నాన్న గొడుగు కనిపించింది. నాన్న గొడుగుకి ఒక ఊచ విరిగి ఉంటుంది, ఎక్కడున్నా పోల్చుకోవచ్చు. మా ఆడవాళ్ళు కూడా చూశారు. అత్త ఒక తులసి డబ్బాని రెండు చేతులతో బల్ల అంచుకి జరిపింది, అందుకోవడానికి వీలుగా. గొడుగు షెడ్డు ఎదురుగా వచ్చింది, కొంచెం వంగింది, అదే నడకతో కోవెల వైపు వెళ్ళిపోయింది.

ఒక్కొక్కరే కదిలిపోయారు. కొంగులో కరివేపాకు కట్టుకున్నామె కూడా.

మధ్యాహ్నానికి దొరసానులు మా బల్ల పంచుకున్నారు. తులసి మొత్తం పెద్ద దొరసాని బండిలోకి ఎక్కింది. అత్త అరవలేదు, ఏడవలేదు. డబ్బాలు వెళ్ళడం చూస్తూ, "డబ్బాలైనా తిరిగిస్తారేమో అడగవే" అంది. అడిగాను. దొరసాని నవ్వి, తప్పకుండా పంపిస్తానంది. అవి ఎప్పుడూ రాలేదు. ఆ తర్వాతి ఏడు బల్లా రాలేదు.

తిరిగి వస్తూ మా గేటు దగ్గర ఆగి, కొంగు చాటు నుంచి ఒక సార్డీన్ డబ్బా తీసింది. అందులో జానెడు తులసి. "దీన్ని బల్లెక్కించలేదు" అంది. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. "ఊరికే కాదు. ఏదో ఒకటి ఒదులుకో." నా జడ రిబ్బను విప్పి ఇచ్చాను. దాన్ని వేలికి చుట్టుకుని, డబ్బా నా చేతిలో పెట్టి పోయింది.

అర్చకుల ఇంట్లోకి పక్షాల్లో కొత్త మొక్క రాకూడదు. అమ్మ దాన్ని తిట్టలేదు, పారేయలేదు. అమావాస్య దాకా ఉండనీ అని గేటు బయట గోడ మీద పెట్టింది. మర్నాటికి పక్కింటి మేక మొదలంటా కొరికేసింది. మేకకి పక్షాల పట్టింపు లేదు. పొద్దున్నే అత్త ఆ దారిన వచ్చింది. నేను కిటికీలో నుంచి చూస్తున్నాను. ఒరిగిపోయిన డబ్బా ఎత్తి, లోపలికి చూసి, మట్టి కింద ఒంపేసి, ఖాళీది చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

అమావాస్య వెళ్ళాక మా ఆడవాళ్ళు మాట తప్పకుండా ఆవిడ ఇంటికి వెళ్ళారు. గుమ్మంలో కూర్చుని ఉందట. పెరట్లో మిగిలిన డబ్బాలన్నీ బోర్లించి ఉన్నాయట.

"తులసి ఉందా అత్తా?"

"ఫినీ."

"కరివేపాకో?"

"అన్నీ ఫినీ."

అయిపోయిందని చెప్పడానికి ఆవిడ అప్పటిదాకా ఇక్కడందరూ మాట్లాడే క్రియోల్ మాట వాడగా ఎవరూ వినలేదు. తర్వాత ఆవిడ ఏ విత్తనమూ వేయలేదు. ఎవరింటికి వెళ్ళినా వంటింటి మూలకి చూడటం మానేసింది. మనిషి మారింది, బాగుపడింది అన్నారు వీధిలో. నా కిటికీ దగ్గరికి రావడం కూడా మానేసింది.

నిన్న దొరసాని గేటు దగ్గరికి నేను వెళ్ళేసరికి మా వాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ ఏడు ఎవరింట్లోనూ తులసి మిగల్లేదు. దొరసాని మంచిదే, ఎవరు అడిగినా కోసి ఇవ్వమని తోటమాలికి చెప్పి ఉంచింది. అతను చర్చికి పోయే క్రియోల్ కుర్రాడు. కంచె మీదుగా గుప్పెళ్ళతో దళాలు అందిస్తున్నాడు. మా ఆడవాళ్ళు కొంగు పట్టి తీసుకుని, ఆ వరసకి చేతులు జోడించి దండం పెడుతున్నారు. అత్త చెప్పినట్టే.

"దొరసాని సెయ్యి సల్లన. అందుకే ఇంత గుబురుగా ఉన్నాయి" అంది నా ముందున్నామె. మూడేళ్ళ కిందట కొంగులో కరివేపాకు కట్టుకున్నామే ఈమె.

"మన సేతుల్లో ఎప్పుడన్నా తులసి నిలిచిందా?" అంది ఇంకొకామె.

నేను కంచె కిందికి చూశాను. ఒక మొక్క మొదట్లో తుప్పు పట్టిన రేకు అంచు కనిపించింది. డబ్బాతో సహా నేలలో దింపేసినట్టున్నారు. వేరు రేకుని చీల్చుకుని మట్టిలోకి దిగింది.

ఇంటికి వచ్చి దళాలు నాన్న చేతికిచ్చాను. ఆయన నువ్వులతో, తులసితో నీళ్ళు వదిలారు. తన తండ్రి పేరు, తాత పేరు, ఓడలో వచ్చిన ముత్తాత పేరు. అమ్మ వైపు వాళ్ళ పేర్లు. వరసగా చెబుతుంటే నేను గుమ్మం పక్కన నిలబడి ఆఖరి దాకా విన్నాను. అత్త అసలు పేరు ఆయనకి తెలిసే ఉండాలి. చివర, ఎవరూ లేనివాళ్ళందరికీ కలిపి ఒక్క దోసెడు వదిలి, చెంబు బోర్లించారు.

ఈ సాయంత్రం అమ్మతో స్టేషను వీధిన వస్తుంటే తోటమాలి కంచె వెంట నీళ్ళ డబ్బా పట్టుకుని నడుస్తున్నాడు. ఒక్కో మొదట్లో ఆగి, ఇంకిందాకా పోసి, పక్క మొక్కకి జరుగుతున్నాడు. రోజూ పోస్తావా అని అడిగాను. పరాయి మనిషిని నేను అలా పలకరించడం చూసి అమ్మ మోచేత్తో పొడిచింది. రోజూ పోస్తానన్నాడు. ఆదివారం కూడా.

అతనికి తిథులు తెలియవు.